ఫ్లైలు కట్టడానికి వెంట్రుకలు: ఎవరిని అడగాలి, ఏది తీసుకోవాలి, ఎలా శుభ్రం చేయాలి

మా వీధి చివర మటన్ కొట్టు నడిపే అన్నకు మొదట్లో నేనంటే అనుమానం. అరకిలో మాంసం కొని, "ఆ పోతు తొడల వెనక వెంట్రుకలు కాస్త కత్తిరించి ఇస్తారా" అని అడిగితే ఎవరికైనా అనుమానమే. కత్తి పక్కన పెట్టి నన్ను ఎగాదిగా చూసి, "ఏం చేస్తవన్నా వాటితోని, ఎవరికన్న మందు పెడ్తవా?" అన్నాడు. జేబులోంచి అగ్గిపెట్టె తీసి అందులో ఉన్న ఫ్లై చూపించాను. హుక్కుకు కట్టిన తెల్ల వెంట్రుకలు, రెండు పూసల కళ్లు, చిన్న చేపపిల్ల ఆకారం. దాన్ని వేలి మీద పెట్టుకుని ఊపి చూసి నవ్వేశాడు. ఇప్పుడు మంచి జమునాపారి జాతి మేకపోతు వస్తే తనే ఫోన్ చేస్తాడు.

ఫ్లై అంటే తెలియనివాళ్లకు ఒక్క మాట. ఈక, వెంట్రుక, దారం, జరీ లాంటివి హుక్కుకు చుట్టి పురుగులాగో, కప్పలాగో, చేపపిల్లలాగో చేసే ఎర ఇది. వానపాముతో, పిండితో పని లేదు. విదేశాల్లో సామాను దుకాణానికి వెళ్తే జింక తోక, కుందేలు చర్మం, ఉడుత తోక ప్యాకెట్లలో వేలాడుతూ ఉంటాయి. మనకు ఆ వసతి లేదు. తెప్పించుకుంటే ఖరీదెక్కువ, కస్టమ్స్ టెన్షన్ ఒకటి. అందుకే మన చుట్టూ ఉన్న జంతువుల నుంచే వెంట్రుకలు సంపాదించడం నేర్చుకున్నాను.

ఇలా అడుక్కోవడం కొత్తేమీ కాదు. ఇంగ్లండ్‌లో డెవన్ ప్రాంతంలోని టివర్టన్‌లో ఆస్టిన్ అనే పొగాకు వ్యాపారి ఉండేవాడు. 1900 ప్రాంతంలో ఆయన కట్టిన ఒక ఫ్లై ట్రౌట్ చేపలకు తెగ నచ్చేసింది. దాని ఒంటికి వాడింది పొట్టేలు వృషణాల దగ్గరి బొచ్చు. అందులో సీల్ అనే సముద్ర జంతువు బొచ్చు, లేత పసుపు రంగు స్పానియల్ కుక్క బొచ్చు కలిపేవాడు. అప్పటి ప్రసిద్ధ జాలరి స్కూస్ దానికి 'టప్స్ ఇండిస్పెన్సబుల్' అని పేరు పెట్టాడు. టప్ అంటే పొట్టేలు. రెండో మాటకు 'అది లేనిదే కుదరదు' అని అర్థం. పొట్టేలుకైనా, ఫ్లైకైనా! దినుసు ఏమిటో దశాబ్దాల పాటు బయటికి పొక్కనివ్వలేదు. ఆయన ఎవరిని ఏమని అడిగి ఆ బొచ్చు తెచ్చుకున్నాడో గానీ, నా మటన్ కొట్టు సంభాషణ కంటే కష్టంగానే ఉండి ఉంటుంది.

1. ముందు వెంట్రుకను చదవండి

కొత్తవాళ్లు చేసే తప్పు ఏమిటంటే జంతువు పేరు పట్టుకుని వెతకడం. పుస్తకంలో జింక అని ఉంటే జింకే కావాలంటారు. ఆ వెంట్రుక అక్కడ ఏ పని చేస్తోందో చూడాలి. ఆ పని చేసేది ఇంకెక్కడ దొరుకుతుందో తర్వాత ఆలోచించాలి. నేను ఏ వెంట్రుక చేతికొచ్చినా నాలుగు పరీక్షలు పెడతాను.

మొదటిది దారం పరీక్ష. అగ్గిపుల్లంత మందం కుచ్చు తీసుకుని, రెండు చుట్లు వదులుగా చుట్టి, ఒక్కసారి బిగించండి. జింక ఒంటి మీది వెంట్రుకైతే గొడుగు విప్పుకున్నట్టు నిలువుగా లేస్తుంది. ఆ వెంట్రుక లోపల తేనెపట్టులా గాలి గదులు ఉంటాయి. దారం నొక్కిన చోట అవి నలిగి కొనలు పైకి లేస్తాయి. నీళ్లలో తేలేది కూడా ఆ గాలి వల్లే. మేక, ఆవు, గుర్రం, కుక్క వెంట్రుకలు అలా లేవవు, పడుకునే ఉంటాయి.

రెండోది నీళ్ల పరీక్ష. కుచ్చును గాజు గ్లాసులో ముంచి మెల్లగా ఆడించండి. కొన్ని తడవగానే తాడులా ముద్దకట్టేస్తాయి. కొన్ని విడివిడిగా ఊపిరి తీసుకుంటున్నట్టు కదులుతాయి. చేపపిల్ల ఫ్లైకి రెండో రకమే కావాలి.

మూడోది వేళ్ల పరీక్ష. ఒక్క వెంట్రుకను మొదలు నుంచి కొన దాకా బొటనవేలు, చూపుడువేలు మధ్య జారనివ్వండి. కొనకు పోయేకొద్దీ సన్నబడితే మంచిది, ఆ కొనే నీళ్లలో ఆడేది. ఒకసారి కత్తిరించాక మళ్లీ పెరిగిన వెంట్రుకకు సన్నటి కొన ఉండదు.

చివరిది వెలుగు పరీక్ష. కిటికీ ముందు పట్టుకుంటే కొన్ని వెంట్రుకల గుండా వెలుగు వస్తుంది. సీల్ బొచ్చుకూ, ధ్రువపు ఎలుగు వెంట్రుకలకూ ఒకప్పుడు అంత గిరాకీ ఉండటానికి కారణం ఇదే. అమెరికాలో 1972 నాటి సముద్ర క్షీరదాల రక్షణ చట్టం వచ్చాక కట్టేవాళ్లు అంగోరా మేక బొచ్చుకు, అంటే మోహేర్‌కు మళ్లారు. మోహేర్ అల్లిక నూలు ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. అర అంగుళం ముక్కలు చేసి పీకితే చక్కటి మెరుపు బొచ్చు.

ఇక్కడే ఒక చేదు నిజం చెప్పేయాలి. కొర్రమీనుకు వాడే కప్ప ఫ్లై అసలు పద్ధతిలో జింక వెంట్రుకతో కట్టాలి, మన పెంపుడు జంతువుల్లో దానికి సాటి లేదు. రెండేళ్లు ప్రయత్నించి వదిలేశాను. హవాయి చెప్పుల అడుగు రబ్బరులాంటి ఫోమ్ షీట్ కోసి, దానికి మేక వెంట్రుకల కాళ్లు కట్టండి. కొర్రమీను తేడా పట్టించుకోదు.

2. చట్టం ఏమంటుందో తెలుసుకుని అడుగు వేయండి

ఈ భాగం దాటేసి కింద చిట్కాలకు వెళ్లిపోకండి. ఇక్కడ తప్పు చేస్తే జరిమానాతో పోదు.

మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దుప్పి, కణితి, ముంగిస, చెవులపిల్లి లాంటి అడవి జంతువులను వేటాడటమే కాదు, వాటి భాగాలు దగ్గర ఉంచుకోవడం, కొనడం, అమ్మడం కూడా నేరం. రోడ్డు మీద బండి కింద పడి చచ్చిన చెవులపిల్లి కనిపించినా చెయ్యి వేయకూడదు. చట్టంలోని 39వ సెక్షన్ ప్రకారం చచ్చిపడి ఉన్న వన్యప్రాణి ప్రభుత్వ ఆస్తి. "ఎలాగూ చచ్చిందిగా" అన్న వాదన అక్కడ పనిచేయదు.

ముంగిస గురించి విడిగా చెప్పాలి. పెయింటింగ్ బ్రష్షుల కోసం మన దేశంలో ముంగిసలను వేలకు వేలు చంపారు. 2019 అక్టోబరులో వన్యప్రాణి నేర నియంత్రణ బ్యూరో 'ఆపరేషన్ క్లీన్ ఆర్ట్' పేరుతో ఆ బ్రష్షుల మీద దాడులు చేసింది. 2022 సవరణ తర్వాత ముంగిస ఆ చట్టం మొదటి షెడ్యూల్లో, అంటే అన్నిటికంటే గట్టి రక్షణ ఉన్న జాబితాలో ఉంది. శిక్ష మూడేళ్ల నుంచి ఏడేళ్ల జైలు. పాత బ్రష్షుల వెంట్రుకలు ఫ్లైలకు బాగుంటాయన్నది నిజమే, నేనూ వాడతాను. కానీ ఒకే వెంట్రుక మీద లేత, ముదురు పట్టీలు మారుతూ కొన నల్లగా ఉంటే ఆ బ్రష్షు జోలికి పోకండి. అన్నట్టు, 'క్యామెల్ హెయిర్' అని రాసి ఉన్న బ్రష్షుల్లో ఒంటె వెంట్రుక ఉండదు. అది ఉడుతో, మేకో, ఎద్దో అయ్యుంటుంది. ఏదో చెప్పలేని దుకాణదారు దగ్గర కొనకపోవడమే మంచిది.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు దారి ఇంకోలా ఉంటుంది. తెల్లతోక జింకల వేట సీజన్‌లో తోకలు చాలావరకు చెత్తబుట్టకే పోతాయి. వేటకు వెళ్లే సహోద్యోగిని ముందే అడిగి పెట్టుకోండి. విస్కాన్సిన్‌లో మెప్స్ కంపెనీ తన గాలాలకు కట్టడానికి వేటగాళ్ల దగ్గర ఉడుత తోకలు కొంటుంది. అంటే పారేసే తోకకు అక్కడ ఒక బజారే ఉంది. రోడ్డు మీద చచ్చిన జంతువును తీసుకోవడం మాత్రం రాష్ట్రానికో రూలు, చాలాచోట్ల పర్మిట్ కావాలి. అడవి పక్షుల ఈకలు నేల మీద పడి ఉన్నా ఏరుకోవద్దు. 1918 నాటి వలస పక్షుల చట్టం చాలావాటికి ఒప్పుకోదు. ఇక్కడి నుంచి వెళ్లేటప్పుడు సూట్‌కేసులో నెమలి ఈకలు పెట్టుకోకండి. రాలిన ఈకలు మన దేశంలో దాచుకోవచ్చు గానీ ఎగుమతి నిషేధం.

నా నియమం చిన్నది. ఈ వెంట్రుక ఏ జంతువుది, ఎవరు ఇచ్చారు అని అడిగితే రెండు ముక్కల్లో చెప్పలేనిది నా డబ్బాలోకి రాదు.

3. ఎవరిని అడగాలి

మేకతోనే మొదలుపెట్టండి. మామూలు నాటు మేక వెంట్రుక పొట్టిది, చిన్న ఫ్లైలకు సరిపోతుంది. మీరు వెతకాల్సింది జమునాపారి పోతు. వేలాడే పొడవాటి చెవులు, వంపు తిరిగిన ముక్కు దాని గుర్తులు. తొడల వెనక కుచ్చులు కుచ్చులుగా బెత్తెడుకు పైనే పొడవుండే వెంట్రుకలు ఉంటాయి. ఎక్కువగా తెలుపు, అక్కడక్కడా గోధుమ మచ్చలు. జింక తోక చేసే పని దాదాపు అంతా ఇది చేస్తుంది, పైగా ఇంకా మెత్తగా కదులుతుంది. బక్రీద్ ముందు హైదరాబాద్ మేకల సంతల్లో ఇవి బాగా కనిపిస్తాయి. బతికున్న మేక నుంచి కత్తిరించుకోవడానికి యజమానిని అడగండి, లేదా కొట్టులో చర్మం వ్యాపారికి పోకముందే అడగండి. ఒక పోతు ఇచ్చే వెంట్రుకతో ఏడాది గడిచిపోతుంది. పోతు గడ్డం మాత్రం తీసుకోవద్దు. ముతక, కంపు, ఆ కంపు మూడు ఉతుకులకైనా పోదు.

గొర్రెల్లో తేడా తెలుసుకోవాలి. నెల్లూరు గొర్రెకు ఉన్ని దాదాపు ఉండదు, పొట్టి వెంట్రుకే. తెలంగాణలో గొంగళ్లు నేసే నల్ల ఉన్ని దక్కనీ గొర్రెది. మెత్తటి ఉన్నిలో ముతక పోగులు కలిసి ఉంటాయి. సున్నితమైన శాలువాకు అది పనికిరాదు గానీ, నీటి పురుగులను పోలిన ఫ్లైల ఒంటికి అలాంటి గరుకు బొచ్చే కావాలి. పాత పుస్తకాల్లో 'హేర్స్ ఇయర్' ఫ్లైకి కుందేలు చెవి, ముఖం బొచ్చు అని ఉంటుంది. మన చెవులపిల్లిని ముట్టుకోకూడదు కదా, నేను దక్కనీ ఉన్నిలో ఫారం కుందేలు బొచ్చు సగానికి సగం కలుపుతాను. ఉన్ని కత్తిరించే రోజుల్లో ఊళ్లోకి వెళ్తే చాలు. సిద్దిపేట దగ్గర ఒక కురుమ తాతను కిలో ఎంత అని అడిగితే, "కొనేటోళ్లే లేరు బిడ్డా, సంచి నింపుకొని తీస్కపో" అన్నాడు. డబ్బులు తీసుకోనన్నాడు. ఇంకోసారి వెళ్లినప్పుడు ఒక గొంగడి కొనుక్కొచ్చాను, అదే లెక్క సరి.

ఆవు, గేదె తోకలకు డెయిరీ దగ్గరికి వెళ్లండి. పేడ అంటుకోకుండా కొందరు తోక కుచ్చు కత్తిరిస్తుంటారు. పాశ్చాత్య దుకాణాల్లో దూడ తోకను 'కిప్ టెయిల్' అంటారు. కిప్ అన్నది తోళ్ల వ్యాపారపు మాట. ఒంగోలు ఆవు తోక కుచ్చు నల్లగా ఉంటుంది. ముర్రా గేదెల్లో కొన్నింటికి ఒళ్లంతా నలుపైనా తోక కుచ్చు తెల్లగా ఉంటుంది. అది కనబడితే వదలకండి, తెలుపైతే ఏ రంగైనా వేసుకోవచ్చు. ఎదిగిన గేదె వెంట్రుక గట్టిది. పురుగుల కాళ్లకు, మీసాలకు దాన్ని మించింది లేదు. దూడలది సన్నగా వంకీలు తిరిగి ఉంటుంది, చిన్న రెక్కలకు పనికొస్తుంది.

కుక్కలకు పెట్ గ్రూమింగ్ పార్లర్ ఉంది. ఆదివారం సాయంత్రం వెళ్లి, ఒక డబ్బా ఇచ్చి, "హస్కీ, పమేరియన్ దువ్విన బొచ్చు విడిగా వేసిపెట్టండి" అని చెప్పండి. కత్తిరించింది కాదు, దువ్వెనకు వచ్చింది అడగాలి. హస్కీ లోపలి బొచ్చు దూదికంటే మెత్తన. తెల్ల పమేరియన్ది రంగు చక్కగా పడుతుంది. పేల మందుతో స్నానం చేయించిన కుక్క బొచ్చు వద్దనండి.

గుర్రం తోక వెంట్రుకలు పాతబస్తీలో బరాత్ గుర్రాలు నడిపేవాళ్ల దగ్గర దొరుకుతాయి. ఒక్కో వెంట్రుకను హుక్కు మీద వరసగా చుడితే పురుగు ఒంటి మీది గీతల్లా కనిపిస్తుంది. అంతకు మించి వాడకం లేదు.

చమరీ మృగం, అంటే యాక్, వెంట్రుక మనకు కొత్తది కాదు. గుళ్లో దేవుడికి వీచే చామరం దాని తోకే. లద్దాఖ్, సిక్కిం, అరుణాచల్‌లో పెంపుడు యాక్‌లు ఉన్నాయి. అటు టూర్ వెళ్లే స్నేహితులకు చెప్పి పెట్టండి. అడవి యాక్ రక్షిత జంతువు కాబట్టి పెంచేవాళ్ల దగ్గరే తీసుకోమనండి. జానెడుకు మించిన పొడవు దానిది. పెద్ద పండుగప్పకు కట్టే ఫ్లైలో దానికి సాటి లేదు.

తలనీలాల సంగతి చాలామంది అడుగుతారు. తిరుమల జుట్టు వేలంలో పోతుంది, చిల్లరగా మన చేతికి రాదు. వచ్చినా దండగే. మనిషి వెంట్రుకకు మొదలూ కొనా దాదాపు ఒకటే మందం, దారం కింద జారిపోతుంది. నాకైతే మనసు కూడా ఒప్పలేదు.

4. ఇంట్లోకి తెచ్చేముందు

రోగంతో చచ్చిన జంతువు నుంచి, ఎందుకు చచ్చిందో తెలియని జంతువు నుంచి వెంట్రుక తీసుకోవద్దు. దొమ్మరోగం, అంటే ఆంత్రాక్స్, చర్మం మీద, వెంట్రుకల మీద ఏళ్ల తరబడి బతుకుతుంది. ఇంగ్లండ్‌లోని బ్రాడ్‌ఫర్డ్ ఉన్ని మిల్లుల్లో మోహేర్, ఆల్పాకా ఉన్ని వేరుచేసే కార్మికులు దానితోనే చచ్చిపోయేవారు, అక్కడ దాని పేరే 'ఉన్ని ఏరేవాళ్ల జబ్బు'. 2006లో న్యూయార్క్‌లో ఆఫ్రికా నుంచి తెచ్చిన పచ్చి మేక తోళ్లతో డప్పులు చేసే ఒకాయనకు అదే సోకింది. ఆరోగ్యంగా ఉన్న జంతువుదే అయినా, దులిపేటప్పుడు మాస్కు, గ్లౌజులు వేసుకుని బయట దులపండి.

తర్వాత ఫ్రీజర్. ఇది నేను దెబ్బ తిని నేర్చుకున్న పాఠం. ఒకసారి ఆన్‌లైన్‌లో మేక వెంట్రుకల ప్యాకెట్ కొని, శుభ్రంగానే కనబడుతోంది కదా అని నేరుగా డబ్బాలో పడేశాను. మూడు వారాల తర్వాత మూత తీస్తే అడుగున గోధుమ రంగు పొడి. నాలుగేళ్లుగా కూడబెట్టిన కోడి మెడ ఈకల మధ్య చిన్న చిన్న బొచ్చు పురుగులు. ఈకల పుల్లలు మాత్రం మిగిలాయి. అప్పటి నుంచి ఏది వచ్చినా జిప్ కవర్లో గాలి తీసి మూసి, ఒక వారం ఫ్రీజర్లో పెడతాను. తీసి, కవరు విప్పకుండా రెండు రోజులు బయట ఉంచుతాను. మిగిలిన గుడ్లు ఏమైనా ఉంటే ఆ వెచ్చదనానికి పొదుగుతాయి. మళ్లీ ఇంకో వారం ఫ్రీజర్. కవరు మీద 'కూర కాదు' అని పెద్దక్షరాలతో రాయండి. మా ఇంట్లో ఎందుకు రాయాల్సి వచ్చిందో చెప్పను.

చర్మంతో సహా తెచ్చుకుంటే మాంసం, కొవ్వు పూర్తిగా గీకేసి, లోపలివైపు ఉప్పు, వెలిగారం పొడి సమంగా కలిపి రుద్ది, నీడలో అట్టముక్కకు మేకులు కొట్టి ఆరబెట్టండి. తోకైతే నిలువునా చీరి లోపలి ఎముక తీసేయాల్సిందే. ఎముక ఉంచి ఆరబెడితే రెండో రోజుకే ఇంట్లోవాళ్లు మిమ్మల్నీ తోకనూ కలిపి బయట పెడతారు. కొత్తవాళ్లు కత్తిరించిన వెంట్రుకలతోనే సరిపెట్టుకోండి.

5. ఉతకడం, వేరుచేయడం, రంగు

కత్తిరించిన కుచ్చును మొదళ్ల దగ్గర రబ్బర్ బ్యాండు వేసి ఉంచండి, కొనలు ఒకవైపే ఉండాలి. గోరువెచ్చటి నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ వేసి అరగంట నానబెట్టి, నీళ్లు తేటపడేదాకా జాడించండి. మేకకు రెండుసార్లు. ఉన్నిని మాత్రం రుద్దకండి, వేడినీళ్లు పోయకండి. గొంగడి ముక్కలా గట్టిపడిపోతుంది, ఇక విడదీయలేరు.

ఆరాక పేల దువ్వెనతో దువ్వండి. దువ్వెనకు వచ్చే మెత్తటి లోపలి బొచ్చు ఒక కవరులోకి, చేతిలో మిగిలే పొడుగు వెంట్రుక ఇంకో కవరులోకి. ఒకటి పురుగు ఒంటికి, రెండోది రెక్కకు, తోకకు. రెండు రకాల బొచ్చు కలపడానికి చాలామంది మిక్సీ అంటారు. మిక్సీ జారు జోలికి వెళ్లకండి. సీసాలో సగం నీళ్లు, ఒక చుక్క షాంపూ, బొచ్చు వేసి రెండు నిమిషాలు కుదిపి, వడగట్టి పేపర్ మీద ఆరబెడితే ఇంకా బాగా కలుస్తుంది.

రంగుకు వంటింట్లో వాడే ఫుడ్ కలర్, తెల్ల వెనిగర్ చాలు. వెంట్రుక కూడా పట్టులాగే మాంసకృత్తు, పులుపు తగిలితే ఈ రంగులు పట్టుకుంటాయి. లీటరు నీళ్లకు అరకప్పు వెనిగర్, పావు చెంచా రంగు. ఆవిరి లేవాలి గానీ మరగకూడదు. ముందు వెంట్రుకను మామూలు నీళ్లలో నానబెట్టి తర్వాత వేయండి, లేకపోతే మచ్చలు పడతాయి. తడిలో ముదురుగా కనిపించేది ఆరాక రెండు మెట్లు తగ్గుతుంది. పసుపుతో కూడా వేయొచ్చు, రెండు ఎండలకు వెలిసిపోతుంది. ఆలివ్ ఆకుపచ్చ కావాలంటే ఆకుపచ్చ రంగులో చిటికెడు నారింజ కలపండి.

దాచేటప్పుడు ప్రతి కవరు మీద జంతువు, ఊరు, ఇచ్చినవాళ్లు, నెల రాయండి. కలరా ఉండలు వద్దు. ఆ వాసన ఫ్లైని వదలదు, పైగా కొన్ని రకాల ప్లాస్టిక్ మెత్తబడుతుంది.

6. ఒకటి కట్టి చూడండి

మా మావయ్యగారి ఊరు అంతర్వేది దగ్గర. గోదావరి పాయల్లో పండుగప్పకు నేను వాడేది క్లౌజర్ పద్ధతి. పెన్సిల్వేనియాలోని సస్క్వెహానా నది మీద గైడుగా ఉన్న బాబ్ క్లౌజర్ 1980లలో జింక తోకతో తయారుచేసిన ఫ్లై అది. నేను జమునాపారితో కడతాను.

హుక్కు కంటికి కొంచెం వెనక, కాడ మీద దారం పరిచి, కీచైన్ పూసల గొలుసులోంచి రెండు పూసల ముక్క కత్తిరించి అడ్డంగా ఇంటూ గుర్తులా బిగించండి. ఇవే కళ్లు, ఇవే బరువు. తెల్ల కుచ్చు అగ్గిపుల్లంత తీసుకుని, కొనలు సరిచేసి, కళ్ల ముందు కట్టి, కళ్ల వెనక ఇంకోసారి కట్టండి. హుక్కు తిరగేయండి. ఇప్పుడు పాత చీర అంచులోంచి తీసిన జరీ పోగులు నాలుగు, వాటి మీద ఆలివ్ రంగు మేక వెంట్రుకలు. మొత్తం పొడవు మూడంగుళాలు. మేక వెంట్రుక జింకదానికంటే నున్నన కాబట్టి మొదళ్లకు ఒక చుక్క జిగురు వేశాకే దారం బిగించండి. నా మొదటి డజను రెండో చేపకే బోడిగుండు అయ్యాయి. వెంట్రుక ఎక్కువ పెట్టాలని చెయ్యి లాగుతుంది. మీకు సరిపోయిందనిపించిన దాంట్లో సగం తీసేయండి.

బకెట్ నీళ్లలో వేసి దారంతో లాగి చూడండి. తల కిందికి దించి, లాగినప్పుడు లేస్తూ, ఆపగానే మునగాలి. పక్కకు వాలుతుంటే కళ్లు వంకరగా ఉన్నట్టు, వేలితో తిప్పి సరిచేయండి. తేలుతూ ఉంటే వెంట్రుక ఇంకా ఎక్కువే, మొదళ్ల దగ్గర పదో పదిహేనో కత్తిరించి మళ్లీ వేయండి.